మావారి షుగరు, మా ఫిల్మ్ సిటీ ప్రయాణం

సెలవులొచ్చాయంటే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే గొడవ, "ఎక్కడికైనా వెళ్దాం" అని. షుగరు ఉన్నవాళ్ళున్న ఇంట్లో అయితే ఆ మాట వెనకాలే ఇంకో మాట వినిపిస్తుంది. "మీరు వెళ్ళి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను." బయట తిండి పడదు, వేళకి మందు కుదరదు, నా మూలంగా మీకెందుకు ఇబ్బంది అంటారు. మావారు నాలుగేళ్ళుగా అదే పాట. చుట్టాల పెళ్ళిళ్ళకి వచ్చినా అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా ఇంటికొచ్చేసేవారు. షుగరు కన్నా ఈ ఒంటరితనమే మనిషిని ఎక్కువ తినేస్తుందని నాకనిపించేది.

మాది అశ్వారావుపేట. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మా ఊరు దాటి కాస్త దూరం పోతే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. ఒక పక్క అడవి, ఇంకో పక్క పామాయిల్, జీడిమామిడి, కొబ్బరి తోటలు. పామాయిల్ ఫ్యాక్టరీ ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది. భద్రాచలం రాములవారు, పాపికొండలు మాకు కొత్త కాదు. అందుకే పిల్లలిద్దరూ ఈసారి పట్టిన పట్టు వదల్లేదు. "రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళాలి, నాన్న కూడా రావాలి" అన్నారు. నాన్న లేకుండా అయితే వద్దన్నారు. ఆ మాటకి మావారు మెత్తబడ్డారు.

పల్లెటూరి గాలి, అడవి నీళ్ళు, మనకి షుగరేమిటి అనుకునే రోజులు పోయాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో, దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉందని, ఇంకో పదమూడు కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని తేలింది. అంత మందీ ఇంట్లో కూర్చుంటే ఎలా? అందుకని మా ప్రయాణం ఎలా జరిగిందో, తిండి విషయంలో ఏమేం చూసుకున్నామో మన అక్కచెల్లెళ్ళకి చెబుదామని రాస్తున్నాను.

బయల్దేరే ముందు

మొదట మా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మావారు రెండు రకాల మాత్రలు వేసుకుంటారు. అందులో ఒకటి షుగరును బాగా దించే రకం. "ఆ మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. ఆ రోజు బాగా నడుస్తారు కాబట్టి షుగరు పెరగడం కన్నా పడిపోవడం గురించి ఎక్కువ జాగ్రత్తగా ఉండండి" అన్నారాయన. ఇది చాలామందికి తెలియదు. షుగరంటే పెరగడమే అనుకుంటాం. ఎండలో నడక, తిండి ఆలస్యం, పైన మాత్ర... ఈ మూడూ కలిస్తే పడిపోతుంది. అది ఇంకా తొందరగా ముంచుతుంది. మందుల చీటీ ఇంకో కాపీ రాయించుకుని నా సంచిలో పెట్టుకున్నాను.

ఇలాంటి పార్కుల్లోకి మామూలుగా బయటి భోజనాలు తీసుకెళ్ళనివ్వరు. మందులకి, షుగరు వాళ్ళ చిరుతిండికి ఏం చెబుతారో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. మేము కట్టుకెళ్ళిన రొట్టెలు గేటు బయటే తినేసేలా చూసుకున్నాం. లోపలికి మందులు, షుగరు చూసుకునే మిషన్, గ్లూకోజ్ పొడి, గుప్పెడు వేయించిన శనగలు, మంచినీళ్ళు మాత్రం పట్టుకెళ్ళాం.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే సీసాని ఎండలో నిలబెట్టిన కారులో వదలకూడదు. అలాగని ఐసు ముక్కలకి తగిలేలా పెట్టినా పాడవుతుంది. వెడల్పు మూతి ఫ్లాస్కులో కొంచెం ఐసు వేసి, సీసాని గుడ్డలో చుట్టి, ఐసు తగలకుండా పైన పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంకో సంగతి చెప్పులు. ప్రయాణానికని కొత్త బూట్లు కొనొద్దు. షుగరు ఉన్న కాలికి బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. మావారు రోజూ తోటకి వేసుకెళ్ళే పాత బూట్లే వేసుకున్నారు. అమ్మాయి వెక్కిరించింది గానీ సాయంత్రానికి దాని కొత్త చెప్పులే చేతిలోకొచ్చాయి!

దారిలో

సంక్రాంతి సెలవుల్లో బయల్దేరాం. ఎండ తక్కువ కనుక షుగరు వాళ్ళకి ఆ రోజులే నయం. సత్తుపల్లి, తల్లాడ, వైరా మీదుగా ఖమ్మం చేరి ఆ రాత్రి మా ఆడపడుచు ఇంట్లో ఆగాం. ఒకే రోజు అంత దూరం వెళ్ళి, దిగగానే నడవడం కన్నా ఇది హాయి. పండగ ఇల్లు కదా, అరిసెల డబ్బా ముందుకొచ్చింది. "అన్నయ్యా, బెల్లమే కదా, ఏం కాదు" అంది ఆడపడుచు. బెల్లమైనా, పంచదారైనా, మా అడవి తేనె అయినా షుగరు వాళ్ళకి అన్నీ ఒక లెక్కే. "ఒక్క అరిసె తింటారు, రాత్రి ఒక రొట్టె తగ్గిస్తారు" అన్నాను నేను. ఆవిడా సంతోషించింది, ఆయనా సంతోషించారు. వద్దని డబ్బా లాక్కోవడం కన్నా లెక్క కుదుర్చుకోవడం మేలు.

తెల్లవారుజామున ఆడపడుచూ నేనూ కలిసి మెంతికూర జొన్నరొట్టెలు చేశాం. రెండు కప్పుల జొన్నపిండికి గుప్పెడు సన్నగా తరిగిన మెంతికూర, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి, మరిగే నీళ్ళు పోసి గరిటెతో తిప్పి, వేడి తగ్గాక బాగా మర్దించాలి. చేత్తో తట్టి ఇనప పెనం మీద కాల్చాలి. ప్రయాణానికి ఉల్లిపాయ వెయ్యొద్దు, వాసనొస్తుంది. నంజుకోవడానికి చక్కెర, బెల్లం కలపని వేరుశనగ కారప్పొడి. గుగ్గిళ్ళు ఉడికించి పట్టుకెళ్దామని ఆడపడుచు అంది గానీ, అవి మధ్యాహ్నానికి జిగురొస్తాయి. పొడిగా వేయించినవే దారికి మేలు.

జొన్నరొట్టె అనగానే ఎన్నైనా తినొచ్చని కొందరనుకుంటారు. ఐక్యరాజ్య సమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ మాట మరీ ఎక్కువైంది. జొన్నలో పీచు ఉంది, మంచిదే. కానీ అదీ పిండే. మావారికి రెండు రొట్టెలు, పక్కన కూర, పెరుగు. అంతే లెక్క.

ఖమ్మం నుంచి సూర్యాపేట, అక్కణ్ణుంచి విజయవాడ–హైదరాబాదు రోడ్డు. చౌటుప్పల్ దాటాక ఫిల్మ్ సిటీ వస్తుంది. మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకి హైదరాబాదు ఊళ్ళోకి పోయే పనే లేదు. దారిలో హోటల్లో టిఫిన్ చెయ్యాల్సొస్తే పూరీ కన్నా పెసరట్టు నయం, ఉప్మా లేకుండా. ఇడ్లీ మెత్తగా ఉంటుంది కాబట్టి మంచిదనుకుంటాం గానీ అది తొందరగా అరిగి షుగరును గభాల్న పెంచుతుంది. రెండు తిని, సాంబారు, పల్లీ చట్నీ కాస్త ఎక్కువ వేసుకోవాలి. రోడ్డు పక్క టీలో చక్కెర ముందే కలిపేసి ఉంటుంది. విడిగా పెట్టిస్తారేమో అడగాలి, లేకపోతే మానెయ్యాలి. మేము కారులోనే రొట్టెలు తిన్నాం. మావారు మాత్ర కూడా ఆ రొట్టెలతోనే వేసుకున్నారు.

లోపల

రామోజీరావుగారు 1996లో కట్టించిన ఈ ఫిల్మ్ సిటీ పదహారు వందల ఎకరాల పైమాటే. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయమని గిన్నిస్ బుక్కులో ఎక్కింది. ఆయన 2024లో కాలం చేశారు. సెట్ల వీధుల్లో బస్సులో తిప్పుతారు. ఇటు చూస్తే రైల్వే స్టేషను, అటు చూస్తే రాజమహలు. బాహుబలి సెట్టు దగ్గర మా బాబు కదిలితే ఒట్టు. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట నాకు బాగా నచ్చాయి. బస్సున్నా సరే, ఎక్కడం, దిగడం, మెట్లు, వరుసలో నిలబడ్డం, అన్నీ కలిపి చూస్తే రోజంతా నడకే.

పన్నెండు దాటేసరికి మావారు బాబు మీద ఊరికే కసిరారు. ఆయనెప్పుడూ పిల్లల్ని కసిరే మనిషి కాదు. చూస్తే నుదుటి మీద చెమట, టికెట్టు పట్టుకున్న వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అమ్మాయి వెంటనే మిషన్ తీసి చూసింది. 62. డెబ్భై కన్నా తగ్గితే పడిపోయినట్టే. చెట్టు కింద కూర్చోబెట్టి, మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించాం. అంటే పదిహేను గ్రాముల లెక్క. గ్లూకోజ్ లేకపోతే మూడు చెంచాల పంచదారైనా సరే. చాక్లెట్టు పనికిరాదు, అందులో కొవ్వుంటుంది కాబట్టి ఆలస్యంగా పనిచేస్తుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే 94. డెబ్భై దాటకపోతే ఇంకోసారి అంతే ఇవ్వాలి. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి.

తేరుకున్నాక గుప్పెడు శనగలు తింటూ, "నా మూలంగా మీ స్టంట్ షో పోయిందిరా" అన్నారు మావారు. బాబు ఆ షో కోసం పొద్దుట్నుంచీ గంటలు లెక్కపెట్టుకుంటున్నాడు. వాడు తండ్రి పక్కన చతికిలబడి, "సినిమా అన్నాక ఇంటర్వెల్ ఉండదా నాన్నా!" అన్నాడు. అందరం నవ్వేశాం. ఆయన కళ్ళు మాత్రం తడిశాయి. ఇన్నేళ్ళూ ఇంట్లో ఉండిపోయింది ఇలాంటిది జరుగుతుందనే భయంతోనే. అది జరిగింది, అరగంటలో సర్దుకుంది, ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. ఆ తర్వాత ఆయన నడకలోనే తేడా వచ్చింది.

భోజనం దగ్గర

మధ్యాహ్నం లోపలే భోజనం. బఫే అంటే కళ్ళు ముందు తింటాయి కదా! పళ్ళెంలో సగం కూరలు, కీర, క్యారెట్ ముక్కలు. పావు వంతు పప్పో, పెరుగో, కోడికూరో. మిగతా పావు వంతే అన్నం గానీ, బిర్యానీ గానీ, రొట్టె గానీ. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు కూడా పళ్ళెంలో సగం కూరగాయలు, పళ్ళే ఉండాలంటారు. షుగరు వాళ్ళయితే ఆ సగంలో కూరలే ఎక్కువ ఉండాలి. ఇది షుగరు వాళ్ళ తిండి కాదు, అందరి తిండీ ఇలాగే ఉండాలి. అందుకే మేం నలుగురం ఒకేలా వడ్డించుకున్నాం. ఆయనకి విడిగా డబ్బా, మాకు విందు అన్న తేడా లేకపోయింది.

మాత్ర విషయంలో ఒకటి గుర్తు పెట్టుకోండి. వరుసలో నిలబడినప్పుడే, "ఎలాగూ తింటాం కదా" అని కొందరు మాత్ర వేసేసుకుంటారు. పళ్ళెం చేతికి రావడానికి ఒక్కోసారి ముప్పావు గంట పడుతుంది. అన్నానికి ముందు వేసుకునే మాత్రయినా సరే, పళ్ళెం చేతికొచ్చాకే సంచిలోంచి తీయాలి. ఎవరి మాత్ర ఎప్పుడన్నది మాత్రం మీ డాక్టరుగారిని అడిగే తేల్చుకోండి.

పిల్లలు కూల్‌డ్రింకులు అడిగారు. 300 మిల్లీలీటర్ల సీసాలో ఇంచుమించు ముప్పై గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరేడు చెంచాలు. షుగరు పడిపోయినప్పుడు అది మందే, మిగతా వేళల్లో విషం. మావారికి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. మాకూ అదే బాగుంది.

ఖమ్మం తిరిగొచ్చాక కాళ్ళు కడిగి, వేళ్ళ సందుల్లో తుడిచి, అరికాళ్ళు దీపం వెలుతుర్లో చూశాను. చిన్న గీత కూడా లేదు. పడుకోబోయే ముందు మళ్ళీ షుగరు చూశాం. బాగా నడిచిన రోజు రాత్రి కూడా పడిపోవచ్చు. అందుకే మంచం పక్కన గ్లూకోజ్ పెట్టుకునే పడుకున్నారు.

మన సంగతి

ఇదంతా మావారి కోసం చేశాను. మరి షుగరు మనకే ఉంటే? మన ఆడవాళ్ళం ప్రయాణంలో అందరికీ పెట్టి, సంచులు సర్ది, పిల్లల చేతులు కడిగించి, మూడింటికి మిగిలింది తింటాం. మాత్ర వేసుకున్న ఆడమనిషికి అంతకన్నా ప్రమాదం లేదు. షుగరు ఉన్న అమ్మ అందరికన్నా ముందు తినాలి. అది మొహమాటపడాల్సిన విషయం కాదు, మందులో భాగం. గ్లూకోజ్ ఎక్కడుందో, మిషన్ ఎలా వాడాలో పిల్లలకి కూడా నేర్పండి. మా అమ్మాయికి నేర్పడం వల్లే ఆ రోజు నా చేతులు వణికినా దాని చేతులు వణకలేదు.

వచ్చే సెలవులకి మావారే పాపికొండలు అంటున్నారు. పడవలో భోజనం ఏ వేళకి పెడతారో కనుక్కోమని ఇప్పట్నుంచే నాకు పని చెబుతున్నారు!