మాటల వంతు

‘పర్యాయం’ అనే మాటకు వరుస, వంతు, మారు అని అర్థాలున్నాయి. ఒకే అర్థాన్ని మోయడానికి వంతుల వారీగా ముందుకు వచ్చే మాటలే పర్యాయపదాలు. బరువు ఒకటే అయినా మోసే భుజాలు వేరు. ఈ సంగతి గ్రహించిన విద్యార్థికి పర్యాయపదాలు వల్లెవేయడం భారంగా తోచదు. మాటల స్వభావాలను పరిశీలించే వేడుకగా మారుతుంది.

నాలుగో తరగతి చదువుతున్న మా అన్నయ్యగారి మనవరాలికి ఒకసారి పదజాల పరీక్ష పెట్టారు. పది మాటలిచ్చి, ఒక్కొక్కదానికి రెండేసి పర్యాయపదాలు రాయమనడం ఆ పరీక్ష పద్ధతి. రాజమహేంద్రవరంలో మా ఇంటి వరండాలో కూర్చొని నేను మాట చెబుతుంటే ఆమె అప్పగిస్తున్నది. “నీరు” అన్నాను. “జలం, ఉదకం” అన్నది. మరుక్షణమే పుస్తకం మూసి, “అన్నిటికీ అర్థం ఒకటే కదా చిన్నతాతయ్యా! ఒక్క మాట ఉంటే చాలదా?” అని అడిగింది.

ఆ ప్రశ్న తేలికైనది కాదు. దానికి సమాధానం వెదకడంలోనే మన నిఘంటువుల చరిత్ర ఎంతో ఇమిడి ఉన్నది. అమరసింహుడు ‘నామలింగానుశాసనం’ అనే కోశాన్ని మూడు కాండలుగా రచించాడు. అదే లోకంలో అమరకోశంగా ప్రసిద్ధికెక్కింది. దానిని శ్లోకాలలో కూర్చడానికి కారణం కంఠస్థం చేయడానికి అనువుగా ఉండటమే. తెలుగు మాటల కోసం పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహము’ను పద్యాలలో కూర్చగా, అందులో చేరని మాటలతో అడిదము సూరకవి ‘ఆంధ్రనామశేషము’ను వెలువరించాడు. కోనసీమలోని మా స్వగ్రామంలో మా తాతగారు వీధి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి అమరం వల్లెవేయించేవారు. నీటికి ఆ కోశం చెప్పిన పేర్లు ఇరవైకి పైగా ఉన్నాయి. ప్రాణులను బ్రతికించేది గనుక ‘జీవనం’. మేఘం పూచిన పువ్వు గనుక ‘మేఘపుష్పం’. ప్రతి పేరూ నీటిని ఒక కొత్త వైపు నుంచి చూపుతుంది.

మనవరాలికి మొదట ఒక కీలకం చెప్పాను. జలం, నీరం, వారి, అంబువు, తోయం – ఈ ఐదూ నీటి పేర్లు. వీటికి పుట్టినదని అర్థమిచ్చే ‘జ’ చేర్చితే జలజం, నీరజం, వారిజం, అంబుజం, తోయజం – ఐదూ తామరపూలు. ఇచ్చేదని అర్థమిచ్చే ‘ద’ చేర్చితే జలదం, నీరదం, వారిదం, అంబుదం, తోయదం – ఐదూ మేఘాలు. నిధివలె నిలుపుకొనేదని చెప్పే ‘ధి’ చేర్చితే జలధి, నీరధి, వారిధి, అంబుధి, తోయధి – ఐదూ సముద్రాలు. ఐదు మాటలు నేర్చిన పిల్లకు మరి పదిహేను మాటలు వచ్చి చేరాయి. ఆమె వ్రేళ్లు మడిచి లెక్కపెట్టి, సరిపోయిందని తృప్తి పడింది.

అయితే అర్థం ఒకటైనంత మాత్రాన ఒక మాట చోటులో మరొకటి ఇమడదు. సమాధానం తోచనివాడు ‘నీళ్లు నమిలాడు’ అంటాము గాని ‘సలిలం నమిలాడు’ అనము. ఆశ విడిచినవాడు నీళ్లు వదులుకుంటాడు గాని తోయం వదులుకోడు. కంటి నుండి జారితే కన్నీరు, గుడిలో పుచ్చుకుంటే తీర్థం, దాహానికి తాగితే మంచినీళ్లు. నీరు ఒక్కటే; సందర్భాన్ని బట్టి వంతు ఒక్కొక్క మాటకు వస్తుంది.

ఈ తారతమ్యం ప్రాణావసరమైన ఘట్టాన్ని నేను ప్రత్యక్షంగా చూశాను. 1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చినప్పుడు నేను ఇంటర్మీడియట్ విద్యార్థిని. ధవళేశ్వరానికి దిగువన నదీపాయలు గట్లను ఒరుసుకొని ప్రవహిస్తున్నాయి. మా ఊరివారు లాంతర్లు పట్టుకొని రాత్రంతా ఏటిగట్టును కాపలా కాశారు. గట్టులోంచి నీరు ఇవతలికి రావడాన్ని చెప్పడానికి వారికి నాలుగు మాటలుండేవి. ‘చెమ్మ’ అంటే కనిపెట్టి ఉండాలి. ‘ఊట’ అంటే ఇసుక బస్తాలు సిద్ధం చేయాలి. ‘బుంగ’ అంటే ఊరంతా కదలిరావాలి. ‘గండి’ అంటే పిల్లలనూ పశువులనూ తీసుకొని మెరక చేరుకోవాలి. అర్ధరాత్రి వేళ ఎవరో “ఊట పడుతోంది” అన్నారు. ఒక వృద్ధుడు వంగి చూసి, “ఊట కాదురా, బుంగ!” అని కేక పెట్టాడు. ఆ ఒక్క మాటతో జనమంతా బస్తాలెత్తుకొని అటు పరుగెత్తారు. తెల్లవారేదాకా శ్రమించారు. ఆ చోట గట్టు నిలిచింది. ఆ వృద్ధునికి అక్షరాలు రావు. మాటల మధ్య ఎడమెంతో మాత్రం ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఇటువంటి మాటలు చాలాకాలం నిఘంటువుల గడప తొక్కలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం, రైతుల నోటి మాటలను జిల్లాల వారీగా సేకరించి గ్రంథస్థం చేసింది. ఒకే పనిముట్టుకు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుండటం లోపం కాదనీ, అది భాషకు ఐశ్వర్యమనీ ఆ కృషి నిరూపించింది.

మనవరాలి పరీక్షాపత్రం తిరిగి వచ్చింది. ‘నది’కి ఆమె రాసిన ‘ఏరు’ను ఎర్రసిరాతో కొట్టివేశారు, జాబితాలో ఉన్న ‘తటిని’కి మార్కు వేశారు. పోయిన మార్కును గురించి ఆమె బాధపడలేదు. “నానమ్మ ఎప్పుడూ ఏరు అనే అంటుంది కదా! ఆవిడది తప్పా?” అని అడిగింది. పూర్వకవులు బండిఱతో ‘ఏఱు’ అని రాసిన అచ్చతెనుగు మాట అదని, ఏటిగట్టులోనూ ఏటిఒడ్డులోనూ ఉన్నది అదేనని చెప్పాను. మార్కు ఎంతటిదైనా మరునాటికి మరుగున పడుతుంది. తన ఇంటి మాట తప్పని పసిమనసులో నాటుకుంటే, ఆ బిడ్డ ఆ మాటను మళ్లీ పలకడానికి సంకోచిస్తుంది. అలా ఒక తరం సంకోచిస్తే ఆ మాట అంతరిస్తుంది.

కనుక విద్యార్థులు పుస్తకంలోని పర్యాయపదాల పక్కన, తమ ఇంట వినిపించే మాటను కూడ రాసుకోవాలి. ఉపాధ్యాయులు జాబితాలో లేని మాట ఎదురైతే, కొట్టివేసే ముందు నిఘంటువు తెరిచి చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువలే మా డెల్టాకు జీవనాడులు. దాళ్వా పంటకు నీరు చాలనప్పుడు ఇక్కడ కాలువలకు వంతుల వారీగా నీరు వదులుతారు. ఎగువ పొలాలు తడిసినంత మాత్రాన వ్యవసాయం సాగినట్లు కాదు. శివారు భూములకూ వంతు అందాలి. భాషకూ ఇదే న్యాయం.