మూడింటిలో ఒకటి మూగబోతే...

'బండి మిస్సింగ్ కొడుతోంది' అన్న మాటకు జడ్చర్ల నుంచి మిర్యాలగూడ దాకా ఏ షెడ్డులోనూ అర్థం చెప్పక్కర్లేదు. కారు స్టార్టవుతుంది, కదులుతుంది. కానీ నడక కుదరదు. గిట్టలో ముల్లు దిగిన ఎద్దులా మధ్యమధ్యలో ఓ అడుగు తడబడుతుంది. మూడు సిలిండర్ల చిన్న కారులో ఒకటి మూగబోయిందంటే మూడో వంతు బలం పోయినట్టే. నిండా మనుషులుంటే చిన్న ఎత్తు కూడా కొండే!

కల్వకుర్తి దగ్గర ఓ రేకుల షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రికి అరవై దాటాయి. ఆయన చేయి తిరిగింది కార్ల మీద కాదు, వ్యవసాయ బావుల దగ్గర నడిచిన ఆయిలింజన్ల మీద. వాటికి ఉండేదే ఒక్క సిలిండర్. అది మిస్సయిందంటే నీళ్లాగినట్టే, మడి ఎండినట్టే. తర్వాత అంబాసిడర్లు, ఫియట్లు వచ్చాయి. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ప్లగ్ వైరు పీకేవారు. ఏది పీకినా మారని చప్పుడు ఏ వైరు దగ్గర దొరికితే ఆ సిలిండరే దొంగ!

2005 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-2 కాలుష్య నిబంధనలు దేశమంతటా అమల్లోకి వచ్చాయి. కొత్త కార్లలో కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది. పెట్రోలు ఎంత కావాలో కంప్యూటర్ లెక్కగడుతుంది, ఇంజెక్టర్ చల్లుతుంది. 'ఇది మనవల్ల అయ్యే పని కాదు' అని కొందరు పాత మెకానిక్కులు తప్పుకున్నారు. ఈ మేస్త్రి మాత్రం ఓ స్కానర్ కొనుక్కున్నారు.

ఓ సోమవారం ఆయన దగ్గరికి ఒక అద్దె కారు వచ్చింది. డ్రైవరే ఓనరు. వారానికి రెండుసార్లు ఓ పెద్దావిడను డయాలసిస్‌కు మహబూబ్‌నగర్ తీసుకెళ్లి తీసుకురావడం అతని ఖాయం కిరాయి. ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతోంది. అప్పటికే ఓ చోట చూపిస్తే 'కంప్యూటరే పోయింది, ముప్ఫై వేలు' అన్నారట.

"బుధవారం కిరాయి ఉందన్నా. అప్పటిదాక ఇట్లనే నడుపుకోవచ్చా?"

"లైటు నిలకడగ ఉంటే వేరు తమ్మీ. ఇట్ల కొట్టుకుంటుందంటే ఆపాలె. కాలని పెట్రోలంత సైలెన్సర్ దిక్కు పోతది. ఆడ క్యాటలిటిక్ కన్వర్టర్ ఎర్రగ కాల్తది. అది గూడ పోతే నీ కిరాయిలేం సాలవు."

స్కానర్ పెడితే పీ0302 అని వచ్చింది. అంటే రెండో సిలిండర్ మిస్సింగ్. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. కోడ్ ఊరి పేరు చెబుతుంది కానీ ఇంటి నంబరు చెప్పదు. తప్పు కాయిల్‌దా, ప్లగ్‌దా, ఇంజెక్టర్‌దా, వాల్వుదా అన్నది మనిషే తేల్చుకోవాలి. తేల్చుకునే ఓపిక లేనివాళ్లు అన్నీ కొనిపిస్తారు. ఏదో ఒకటి తగలకపోదు, డబ్బు ఎలాగూ బండివాడిదే!

మేస్త్రి కొత్త సామానేమీ తెప్పించలేదు. రెండో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాని కాయిల్ రెండోదానికి పెట్టారు. కోడ్ చెరిపి రోడ్డు మీద తిప్పారు. కాయిల్‌దే తప్పయితే ఈసారి 0303 రావాలి. రాలేదు. మళ్లీ 0302. ప్లగ్గులు అటూఇటూ మార్చినా అదే. కంప్రెషన్ గేజి పెట్టారు. మూడింటా దాదాపు ఒకటే రీడింగు. తక్కువుంటే ఇంజన్ హెడ్ దించాల్సి వచ్చేది. అది బుధవారానికి తెమిలే పని కాదు.

ఇక మిగిలింది ఇంజెక్టర్. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను దానికి ఆనించి, పిడిని చెవికి ఆనించారు. టిక్... టిక్... టిక్... మూడూ కొడుతున్నాయి. కంప్యూటర్ నుంచి సిగ్నల్ అందుతోందన్నమాట. ముప్ఫై వేల మాట అక్కడే తేలిపోయింది. కానీ టిక్కుమన్నంత మాత్రాన పెట్రోలు సరిగా చల్లుతున్నట్టు కాదు. దాని మొనలో ఉండేవి సన్నటి రంధ్రాలు, మురికి పేరుకుంటే చాలు.

పెట్రోలు ప్రెషర్ దించి, రైలు విప్పి, కొత్త రబ్బరు రింగులు వేసి, రెండూ మూడూ ఇంజెక్టర్లను తారుమారు చేశారు. మళ్లీ తిప్పారు. స్కానర్లో 0303!

"దొరికిండు!" అన్నారు మేస్త్రి.

"నడుమ సీసాల పెట్రోలేమన్న పోసినవా?" అని అడిగితే డ్రైవర్ తల గోక్కున్నాడు. బంకు దూరమైన ఊళ్లలో కిరాణా కొట్టు దగ్గర రెండుమూడుసార్లు పోయించాడట. దానివల్లే అయ్యిందని మేస్త్రి కూడా తేల్చి చెప్పలేదు, అనుమానమే.

ఇంజెక్టర్లు కడిగే మెషీన్ ఆ షెడ్డులో లేదు. మూడింటినీ గుడ్డలో చుట్టుకుని డ్రైవర్ బస్సులో మహబూబ్‌నగర్ వెళ్లాడు. అక్కడ గాజు గొట్టాల మీద బిగించి నడిపిస్తే రెండు మంచుతుంపరలా చల్లాయి. ఒకటి మాత్రం చుక్కలుచుక్కలుగా కారింది. కడిగాక మళ్లీ పెట్టారు. మూడు గొట్టాలూ ఒకే ఎత్తుకు నిండేదాకా అతను అక్కడి నుంచి కదల్లేదు.