బాకీ కొట్టేస్తే ఎంత?

నాకు లెక్కలంటే భయం. ఆ మాట చెప్పుకోవడానికి ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని. నవలలు రాయడం మొదలుపెట్టాక ఆ సిగ్గూ పోయింది. రచయిత్రికి లెక్కలు రావంటే జనం అదో ముచ్చటగా చూస్తారు మరి! పదో తరగతిలో 36 మార్కులతో గట్టెక్కి, ఇక ఈ జన్మకు వాటి జోలి వద్దని ఆర్ట్సు గ్రూపులోకి పారిపోయినదాన్ని నేను.

అలాంటి నా ఇంటికి, 2023 ఏప్రిల్ ఆఖర్లో, కర్నూలు ఎండలు పెనంలా కాలుతున్న రోజుల్లో, మా అక్క కూతురు సంచీ పట్టుకుని దిగింది. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో 1ఎ పేపరు పోయింది. అప్పట్లో 75కి 26 వస్తే పాసు. దానికొచ్చినవి 17. సప్లిమెంటరీకి గట్టిగా నెల కూడా లేదు.

వాళ్ళది కడప జిల్లాలో, ముద్దనూరు దగ్గర ఒక మెట్ట పల్లె. అక్క ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. "ఈసారి గూడా పోతే చదువు మాన్పించి సంబంధాలు చూస్తానంటున్నాడు మీ బావ. నువ్వే ఏదో ఒకటి చెయ్యాల."

నేనేం చేస్తాను? మా వీధి చివర రిటైరయిన లెక్కల సార్ ఒకాయన ఉంటే ఆయన దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన దాని నోటుబుక్కు అరగంట సేపు తిరగేశారు.

"మాత్రికలు దీనికి తెలుసు. ప్రతి లెక్కలోనూ మైనస్ గుర్తు దగ్గర జారిపడుతోంది. జబ్బు ఇంటర్‌లో లేదమ్మా, ఆరో తరగతిలో ఉంది. అక్కడి నుంచి వద్దాం" అన్నారు.

పిల్ల ముఖం వాడిపోయింది. "ఆరో తరగతి పుస్తకమా చిన్నమ్మా? ఎవరన్నా చూస్తే?"

"నేనూ పక్కన కూచుంటాలే. నవ్వేవాళ్ళు ఇద్దర్నీ చూసి నవ్వుతారు" అన్నాను. మాట జారాక గాని తెలియలేదు, ఏం ఒప్పుకున్నానో! నా సీరియల్ వచ్చిన వారపత్రిక కాగితంతోనే ఆ పుస్తకానికి అట్ట వేశాను.

మర్నాడు పొద్దున్నే పాఠం. ఐదులోంచి మైనస్ మూడు తీసేస్తే ఎంత? పిల్ల రెండంది. నేనూ మనసులో రెండే అనుకున్నాను. మా చిన్నప్పుడు దీనికి "అదంతే, బట్టీ పట్టండి" అన్నదొక్కటే జవాబు. సార్ అలా అనలేదు.

"మీ నాయన దగ్గర ఎనిమిది వేలున్నాయి. షావుకారుకు మూడు వేలు బాకీ. లెక్కకు ఆయన సొమ్మెంత?"

"ఐదు వేలు సార్."

"షావుకారు ఆ బాకీ కొట్టేశాడనుకో. అప్పుడెంత?"

"ఎనిమిది." ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా అంది: "కానీ, కొట్టెయ్యడు సార్."

సార్ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. శెనక్కాయ విత్తనాలకు అప్పు చేసి, వాన కోసం ఆకాశం చూసే ఇంటి పిల్ల అది. 628లో బ్రహ్మగుప్తుడు తన గ్రంథంలో ఈ లెక్కలకు సూత్రాలు చెప్పినప్పుడు వాడిన మాటలు ధనం, ఋణం అనేవేనట. మనం నేటికీ ధన సంఖ్య, ఋణ సంఖ్య అంటున్నాం. పుట్టినప్పటి నుంచి బాకీ అంటే ఏమిటో ఎరిగిన పిల్లకు మైనస్ అర్థం కాలేదంటే, తప్పు దాని బుర్రది కాదనిపించింది.

మొదటి పది రోజులు సార్ ఇంటర్ పుస్తకం ముట్టనివ్వలేదు. రోజులు లెక్కపెట్టుకుంటూ నాకు గుండెలు పీచుపీచుమనేవి. తప్పు చేసిన లెక్క చెరపకూడదు, పక్కనే ఎక్కడ తప్పిందో ఒక్క ముక్క రాయాలి – అదీ ఆయన పెట్టిన నియమం. వారం తిరిగేసరికి ఒకే రకం తప్పు పాతికసార్లు కనపడింది. కనపడ్డాక తగ్గింది.

సమీకరణాలకు వచ్చాం. కర్నూలు నుంచి గంటకు 40 కిలోమీటర్ల చొప్పున ఒక బస్సు, కడప నుంచి 60 చొప్పున ఇంకోటి, ఒకేసారి ఎదురెదురుగా బయలుదేరాయి. మధ్య దూరం 200 అనుకుంటే ఎప్పుడు కలుస్తాయి? నేను ఆ బస్సుల్లో ఎవరున్నారా అని ఆలోచిస్తున్నాను. పిల్ల "రెండు గంటలకు. నంద్యాల దాటినాంక చిన్నమ్మా" అనేసింది!

సార్ అప్పుడు పావులూరి మల్లన పేరెత్తారు. పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చిన కవి. చెప్పొద్దూ, సాహిత్య చరిత్ర పరీక్షలో ఆయన పేరు రాసి మార్కులు కొట్టేశానే గాని, ఆ పద్యాల్లో ఉన్నవి లెక్కలని ఏనాడూ పట్టించుకోలేదు. నేను దేన్నుంచి పారిపోయానో అది నా తెలుగులోనే కూచుని ఉంది.

చివర్లో మా ఇద్దరికీ పది మార్కుల పరీక్ష పెట్టారు. దానికి తొమ్మిది, నాకు ఆరు. "మైనస్ మర్చిపోయినావు చిన్నమ్మా" అని నా కాగితం పక్కన అదే రాసింది.

సప్లిమెంటరీలో దానికి 41 వచ్చాయి. మొదటి ర్యాంకేం కాదు. అయినా ఆ రోజు మా ఇంట్లో ఉగ్గాణీ బజ్జీ చేసి, సార్‌కు గిన్నెడు పంపించాను. సంబంధాల మాట మళ్ళీ వినపడలేదు.

మొన్న సంక్రాంతికి ఫోన్ చేసింది. వాళ్ళ నాయనకు ఇరవై వేల అప్పుందట, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 4,800. షావుకారు చీటీలో 5,400 వేశాడు. ఇది కాగితం మీద లెక్క వేసుకుని, నాయన వెంట వెళ్ళి అతని ముందు పెట్టిందట.

"సార్‌కు చెప్పు చిన్నమ్మా, కొట్టేసినాడని" అంది నవ్వుతూ. "ఆరొందలే అనుకో!"