వాత పెడతా అన్నాను

ఈ సంగతి రాయనా వద్దా అని ఏడాదికి పైగా తటపటాయిస్తున్నాను. చివరికి మా అమ్మాయే, "రాయమ్మా, పురుడు పోయడానికి వచ్చే ఇంకో అమ్మమ్మకి పనికొస్తుంది. పిల్లల పేర్లు మాత్రం వద్దు" అంది. అందుకని ఎవరి పేరూ లేకుండా రాస్తున్నాను.

2024 జనవరిలో అమ్మాయి రెండో కాన్పుకి డాలస్ వెళ్లాను. మావారికి మోకాళ్ల నొప్పులు, రాలేదు. మనవడికి ఐదేళ్లు, కిండర్‌గార్టెన్. అమ్మాయికి సిజేరియన్ అయింది, ఆడపిల్ల. పథ్యం వంట, పాప స్నానం, పిల్లాడి అల్లరి, అన్నీ నా మీదే. అదేం గొప్ప కాదు, అందుకేగా వెళ్లింది.

పాపకి పదహారో రోజనుకుంటాను. వాడు సోఫా ఎక్కి, పాపని పడుకోబెట్టిన తొట్టె పక్కకి దూకుతున్నాడు. మూడుసార్లు చెప్పాను, వినలేదు. నాలుగోసారి చేతిలో ఉన్న అట్లకాడతో పిక్క మీద ఒక్కటిచ్చాను. అట్లకాడ వేడిది కాదు, అప్పుడే సింకులోంచి కడిగి తీసింది. "ఇంకోసారి దూకావంటే వాత పెడతా!" అని కూడా అన్నాను. వాడు ఏడ్చాడు. నేనే దగ్గరికి తీసుకుని, నెయ్యీ బెల్లం వేసి దోసె తినిపించాను. నా లెక్కలో అది అక్కడితో అయిపోయింది.

మర్నాడు బడిలో ఆటల పీరియడ్‌కి నిక్కరు వేసుకున్నాడు. పిక్క మీద సన్నటి ఎర్ర చార కనిపించి టీచరు అడిగింది. వాడు ఉన్నదే చెప్పాడు, అమ్మమ్మ కొట్టిందని. ఆ తర్వాత నా మాటని వాడే ఇంగ్లీషులోకి మార్చాడు. ఇంకోసారి చేస్తే అమ్మమ్మ నన్ను కాలుస్తుంది అని.

ఆ టీచరమ్మని నేను చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, టెక్సాస్‌లో పిల్లల్ని ఎవరైనా హింసిస్తున్నారని అనుమానం వస్తే చెప్పి తీరాలని చట్టం. టీచర్లకీ డాక్టర్లకీ మరీను. ఆవిడ ఊరుకుందామనుకున్నా ఊరుకోడానికి లేదు.

సాయంత్రం ఇంటికి ఒకావిడ వచ్చింది. సీపీఎస్ అంటారు, పిల్లల రక్షణ శాఖ. అప్పటికే బడిలో మనవడితో మాట్లాడటం, దాన్ని రికార్డు చేయడం అయిపోయిందట. తల్లిదండ్రులకి ముందు చెప్పక్కర్లేదట. వచ్చీ రాగానే అల్లుడికి ఒక కాగితం ఇచ్చి చదివి వినిపించింది. మీరు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, లాయర్ని పెట్టుకోవచ్చు, కోర్టు ఆర్డరు లేకుండా నన్ను ఇంట్లోకి రానివ్వక్కర్లేదు అని. 2023 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రంలో ఇలా ముందే చెప్పడం తప్పనిసరి చేశారు.

మా అల్లుడు చాలా మంచివాడు. తప్పు చేయనివాళ్లకి లాయరెందుకు, విడమరిచి చెబితే అర్థం చేసుకోరా అనుకున్నాడు. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మొదలుపెట్టాడు. "మా అత్తగారు పాతకాలం మనిషి. మా దేశంలో ఇది మామూలే. మేమూ అలాగే పెరిగాం." నన్ను వెనకేసుకొస్తున్నాననే అనుకున్నాడు పాపం. ఆ మూడు ముక్కలూ ఆవిడ కాగితం మీద ఎలా పడ్డాయో తర్వాత లాయరు చెప్పింది. ఈ ఇంట్లో పిల్లల్ని కొట్టడం మామూలే, తల్లిదండ్రులకి అందులో తప్పేమీ కనిపించడం లేదు అని.

ఇంతలో పాపని కూడా చూస్తానంది. దుప్పటి తీసింది. పాప నడుం కింద అరచేతి వెడల్పున నీలం మచ్చ. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది, నాలుగైదేళ్లకి దానంతటదే పోతుంది. మంగోలియన్ స్పాట్ అంటారు. తెలియని కళ్లకి అచ్చం కమిలిన దెబ్బలా ఉంటుంది. నేను నవ్వుతూ "పుట్టుమచ్చ, పుట్టుమచ్చ" అంటూనే ఉన్నాను. ఆవిడ నవ్వలేదు. ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

ఆ రాత్రి ఎవరం అన్నాలు తినలేదు. నార్వేలో 2012లో మన తెలుగు దంపతులకే, కన్నకొడుకుని హింసించారని కోర్టు జైలు వేసిన సంగతి అల్లుడి స్నేహితుడెవరో గుర్తుచేశాడు. తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. ఆ దేశంలో 1987 నుంచే కన్నవాళ్లయినా సరే కొట్టకూడదు. మావారు ఫోన్లో, "రేపే విమానం ఎక్కేసెయ్" అన్నారు. నేను పెట్టె సర్దడం కూడా మొదలెట్టాను.

పెట్టె మూయించింది లాయరమ్మ. ముందుగా 5,000 డాలర్లు కట్టించుకుంది. ఆ అంకె విని గుండె జారిపోయింది కానీ ఇప్పుడు ఆవిడకి దండం పెట్టుకుంటాను. మొదటి మాటే, "ఇప్పుడు వెళ్లిపోతే తప్పు చేసి పారిపోయినట్టే రాసుకుంటారు. ఆ మచ్చ నీ కూతురి నెత్తిన మిగులుతుంది" అంది. సీపీఎస్ ఒక దారి, పోలీసు ఇంకో దారి, కానీ ఒకచోట చెప్పింది రెండోచోటికి వెళుతుంది అంది. పిల్లల్ని హింసించిన నేరం రుజువైతే వీసా మీద ఉన్నవాళ్లని దేశంలోంచి పంపించేయొచ్చట, 1996 నుంచి ఉందట ఆ చట్టం. క్రిమినల్ కేసులో ఏదైనా ఒప్పుకునే ముందు, ఇలా పంపించేసే ప్రమాదం ఉందని లాయరు చెప్పి తీరాలని అక్కడి సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చిందట. నాది విజిటర్ వీసా. అల్లుడిది హెచ్1బీ. మాట తూలితే ఇద్దరి కాళ్ల కిందా నేల కదిలేలా ఉంది.

ఆవిడ చెప్పినవి వింటే మనవాళ్లకి విడ్డూరంగా ఉంటుంది. అబద్ధం ఒక్కటీ ఆడొద్దు. అడిగినదానికే జవాబు, పక్కనున్నది చెప్పొద్దు. ఆ రోజు జరిగింది వేళలతో సహా ఇప్పుడే రాసి నాకివ్వండి, మర్చిపోకముందు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లాడికి ఏమీ నేర్పొద్దు. ఆ దెబ్బ గురించి వాడితో అసలు మాట్లాడొద్దు. సారీ కూడా చెప్పొద్దు. నువ్వు సారీ చెప్పావని వాడు బడిలో అంటే, వాడి నోరు మూయించడానికి చెప్పావంటారు.

అది విన్నప్పుడు ఏడుపొచ్చింది.

పైగా విచారణ అయ్యేదాకా నేను పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని సీపీఎస్‌వాళ్లు ఒక కాగితం రాయించారు. సేఫ్టీ ప్లాన్. లాయరు చదివి, గడువు వేయించాకే సంతకం పెట్టనిచ్చింది. ఐదు వారాలు. కుట్లు మానని కూతురు లేచి పిల్లాడిని బడికి తయారుచేస్తుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. పాపకి నీళ్లు పోయడానికి కూడా అది పక్కనుండాలి. నేను వెళ్లింది దానికి విశ్రాంతి ఇవ్వడానికి.

నన్ను లాయరు ఆఫీసులోనే ప్రశ్నించారు. అల్లుడు తర్జుమా చేస్తానన్నాడు, లాయరమ్మ ససేమిరా అంది. ఫోన్లో ఒక తెలుగు దుబాసీని పెట్టించింది, ఆ పని కోసమే శిక్షణ ఉన్న మనిషి. ఆయన గొంతు వింటే మా గోదావరి యాసే. "వాత" దగ్గర ఆయన ఆగి, ఇనుము కాల్చి పెట్టడం అని దాని అర్థం, కానీ పెద్దవాళ్లు పిల్లల్ని బెదిరించడానికి ఊరికే అనే మాట అని రెండూ చెప్పాడు. మన నోట్లో ఇలాంటివి ఎన్నున్నాయో ఆ రోజు లెక్కపెట్టుకున్నాను. తోలు తీస్తా, చంపేస్తా, కాళ్లు విరగ్గొడతా. పప్పులో పోపు పెట్టినంత తేలిగ్గా అంటాం.

"ఎప్పుడైనా నిజంగా అలా కాల్చారా?" అని అడిగారు. నా చిన్నప్పుడు మా తమ్ముడికి పసిరికలైతే మా నాయనమ్మ పొట్ట మీద వాతలు పెట్టించింది, ఆ గుర్తులు ముసలితనం వచ్చినా పోలేదు. అది నోటిదాకా వచ్చింది. లాయరమ్మ మొహం చూశాను. "లేదు" అన్నాను. అది నిజమే. నేనెప్పుడూ పెట్టలేదు.

"ఇంతకు ముందు ఈ పిల్లాడిని కొట్టారా?" దానికీ లేదనే అన్నాను. మొట్టికాయలు గుర్తొచ్చాయి. మొట్టికాయ కొట్టడం కిందకి వస్తుందా అని ఆలోచించేలోపు తర్వాతి ప్రశ్న వచ్చేసింది. నేనూ దాన్ని వెనక్కి పిలవలేదు.

పాప మచ్చ సంగతి తేలిగ్గానే తేలింది. పుట్టిన రోజే ఆస్పత్రి నర్సు ఆ మచ్చని కాగితాల్లో రాసి ఉంచింది. పిల్లల డాక్టరు ఒక ఉత్తరం ఇచ్చాడు. మీలో ఎవరికైనా విదేశంలో మనవలు పుడితే, ఇలాంటి మచ్చ ఉందేమో చూసి, మొదటి చెకప్‌లోనే రాయించుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక అట్లకాడ దెబ్బ. అది జరిగిందే, కాదనడానికి లేదు. అక్కడి శిక్షాస్మృతిలో 9.61 అని ఒక సెక్షన్ ఉంది. పిల్లల్ని క్రమశిక్షణలో పెట్టడానికి అవసరమని సబబుగా నమ్మి వాడిన బలం, ప్రాణాంతకం కానిదైతే, నేరం కాదు. తల్లిదండ్రులకే కాదు, తాతలకీ అమ్మమ్మలకీ వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. లాయరమ్మ చదివి వినిపిస్తుంటే నేను అమ్మయ్య అనుకున్నాను. ఆ రాష్ట్రంలో ఇప్పటికీ బడుల్లో చెక్కబద్దతో కొట్టడాన్ని చట్టం పూర్తిగా మాన్పించలేదట. ఇదేం న్యాయమమ్మా, మాస్టారు కొడితే లేనిది అమ్మమ్మ కొడితే వచ్చిందా అని అక్కసుగా అన్నాను కూడా.

మా అమ్మాయి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక, గిన్నెలు సర్దుతూ, "నన్ను కొట్టింది కూడా అట్లకాడతోనే కదమ్మా" అంది. కోపంగా కాదు. చెంచాలు ఏ అరలో పెట్టాలో చెప్పినట్టు అంది. నేను ఏదో అనబోయాను. అప్పుడు లాయరు లేదు, దుబాసీ లేడు, అయినా మాట రాలేదు.

మన దగ్గర మాత్రం చట్టం లేదా ఏంటి. బడుల్లో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఇంట్లోనైనా, పిల్లలు ఎవరి సంరక్షణలో ఉన్నారో వాళ్లే హింస పెడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా అని 2015 జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్. ఫోన్ చేసే టీచరు లేదు, అంతే. నా చిన్నప్పుడు ఉండుంటే మా నాయనమ్మ ఎక్కడుండేదో.

నేను తిరిగొచ్చిన నెలకి ఉత్తరం వచ్చింది. రెండు ఆరోపణలకీ "రూల్డ్ అవుట్" అని. అంటే హింస జరగలేదని తేల్చారు. ఏమీ తేల్చలేకపోయాం అని కూడా ఒక రకం ముగింపు ఉంటుందట, అది రానందుకు అల్లుడు లాయరుకి స్వీట్ల పెట్టె పంపించాడు. నాకొక నకలు పంపి, "అత్తయ్యగారూ, పాస్‌పోర్టుతో పాటే ఉంచండి, ఎయిర్‌పోర్టులో అడిగితే చూపించొచ్చు" అన్నాడు. బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో మనవడిని పిలిచాను. ఇక ఎవరూ వద్దనరు కదా. వాడు నేల మీద కూర్చుని బొమ్మ ట్రాక్ కలుపుకుంటున్నాడు. "నాన్నా, ఆ రోజు నిన్ను కొట్టాను కదా, తప్పు నాదే. సారీరా" అన్నాను.

వాడు తలెత్తకుండానే, "ఏ రోజు, అమ్మమ్మా?" అన్నాడు.