వెంటిలేటర్ మీది నంబర్లు మన ఇంటోళ్లకు కూడా తెల్వాలె

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మేము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి నర్సింగ్, అనస్తీషియా టెక్నీషియన్ కోర్సులు చదువుతున్నవాళ్లం. మనోళ్లకు ఐసీయూ అంటేనే భయం. "పైపు ఏసిన్రంటే మనిషి ఇగ రాడు" అంటరు. ఆ భయంతోనే సంతకం పెట్టకుండ ఇంటికి తీసుకపోయేటోళ్లు ఉన్నరు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనయి. వైద్యం దగ్గరికొచ్చింది, భయం మాత్రం ఇంకా పోలేదు.

మామూలుగా ఊపిరి తీసుకుంటే ఛాతీ విచ్చుకొని గాలిని లోపలికి గుంజుతది. ఆ గుంజుడే ఒంట్లోని రక్తాన్ని కూడా గుండె వైపు లాగుతది. వెంటిలేటర్ దీనికి ఉల్టా, గాలిని లోపలికి నెడ్తది. ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతది.

ఊపిరి వదిలినంక కూడా లోపల కొంత ఒత్తిడి మిగిల్చే సెట్టింగును పీప్ అంటరు. సాధారణంగా 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలుపెడతరు. బుగ్గ ఊదేటప్పుడు మొదటి ఊదుడే కష్టం, కొంచెం ఉబ్బినంక సులువు. పీప్ కూడా గాలి గదులు మూసుకపోకుండ అట్ల తెరిచి ఉంచుతది. కానీ మోతాదు మించితే మంచిగున్న గదులు మరీ ఉబ్బి, చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలను నొక్కుతయి. గాలి ఉన్నకాడ రక్తం పారదు. వేలి క్లిప్పులో ఆక్సిజన్ 88 నుంచి 96కు పోయినా, అదే టైముల బీపీ పడిపోతే కిడ్నీలకు, మెదడుకు అందే ఆక్సిజన్ తగ్గిపోవచ్చు. అందుకే పీప్ పెంచినంక బీపీ, మూత్రం ఎంత వస్తుందో చూస్తరు.

మన దిక్కు బీడీలు చేసే అమ్మలు, కట్టెల పొయ్యి పొగ పీల్చిన అవ్వలు ఎక్కువ. పొగతో ఊపిరి గొట్టాలు దెబ్బతిన్నోళ్లకు గాలి మెల్లగా బయటికొస్తది. అది పూర్తిగా రాకముందే మిషన్ ఇంకో ఊపిరి నెడితే లోపల గాలి పేరుకుంటది, బీపీ పడ్తది. వాళ్లకు నిమిషానికి ఊపిర్లు తగ్గించి, వదిలే టైం ఎక్కువ ఇయ్యాలె.

ఊపిరికి ఎంత గాలి అన్నది కూడా ముఖ్యమే. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 861 మంది మీద అమెరికాలో చేసిన పరిశోధన 2000లో అచ్చయింది. కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చినోళ్లలో దాదాపు 40 శాతం చనిపోతే, 6 ఇచ్చినోళ్లలో 31 శాతమే. ఆ కిలోలు తూకం మీదివి కావు, ఎత్తును బట్టి లెక్కగట్టేవి. మనిషి లావైతే ఊపిరితిత్తులు పెద్దగ కావు కదా! 152 సెంటీమీటర్ల అమ్మకు ఆ లెక్కన 45 కిలోలు, ఊపిరికి సుమారు 270 మిల్లీలీటర్లు.

కాబట్టి మనోళ్లు ఐసీయూలో ఉంటే మర్యాదగా అడగండి: "సారూ, ఎత్తు కొలిచిన్రా? పీప్ ఎంతుంది? బీపీ నిలబడ్డదా?" అడుగుడు తప్పు కాదు. చెప్పింది సమజ్ కాకుంటే ఇక్కడ రాయండి, మాకు తెలిసినకాడికి మన మాటల్లో చెప్తం. సంతకం పెట్టాల్నా వద్దా అన్నది మాత్రం భయంతోటి కాదు, తెలుసుకొని తేల్చుకోండి.