మబ్బు పట్టిన రోజు అరసవల్లిలో

అక్టోబర్ 2. తెల్లవారుజామునే అరసవల్లి గుడి క్యూలో నిలబడ్డాం, నేనూ మా నానమ్మా. ఏటా మార్చి 9 నుంచి 11 వరకు, మళ్లీ అక్టోబర్ 1 నుంచి 3 వరకు, తొలి కిరణాలు అనివెట్టి మండపం దాటి గర్భగుడిలోకి వెళ్లి సూర్యనారాయణ స్వామిని తాకుతాయి. ఉండేది కొన్ని నిమిషాలే. శ్రీకాకుళం పక్కనే డెబ్బై ఐదేళ్లు బతికిన నానమ్మ అది ఒక్కసారీ చూడలేదు. ఒక ఏడు జనం, ఒక ఏడు ఇంట్లో పురుడు, మిగతా అన్నిసార్లూ మబ్బు. ఈసారి చూపిస్తానని మాటిచ్చి హైదరాబాద్ నుంచి వచ్చాను.

ఆరు దాటింది. తూర్పున మబ్బు కదల్లేదు. కాసేపు చూసి జనం దర్శనం చేసుకుని వెళ్లిపోయారు.

బయట ఇంద్ర పుష్కరిణి గట్టు మీద కూర్చున్నాక, ఆవిణ్ని ఓదార్చబోయి నోరు జారాను.

"సూర్యుడి నుంచి వెలుగొక్కటే రాదు నానమ్మా, రేడియో తరంగాలూ వస్తాయి. వాటికి మబ్బు అడ్డం కాదు. ఇప్పుడూ పడుతూనే ఉన్నాయి."

"మరి అవి అగుపడవేట్రా?"

"వాటిని చూడ్డానికి మన కన్ను చాలదు. పెద్ద కన్ను కావాలి."

"పెద్దదంటే ఎంతేటి?"

ఫోన్ తీసి లెక్క వేశాను. వెలుగు కూడా ఒక అలే, కాకపోతే చాలా చిన్నది. ఒక్క మిల్లీమీటరులో దాదాపు రెండు వేల అలలు పడతాయి. మన కంటిపాప మూడు మిల్లీమీటర్లు అనుకుంటే, దాని వెడల్పులో ఆరు వేల అలలు. చూపు ఎంత స్పష్టంగా ఉంటుందో చెప్పేది ఈ లెక్కే. కన్ను వెడల్పులో ఎన్ని ఎక్కువ అలలు పడితే, పక్కపక్కనున్న రెండు చుక్కలు అంత విడివిడిగా కనిపిస్తాయి.

ఇప్పుడు రేడియో సంగతి. ఆకాశంలో హైడ్రోజన్ పంపే తరంగం పొడవు 21 సెంటీమీటర్లు, అంటే సుమారు ఒక జాన. అలాంటి ఆరు వేల అలలు పట్టాలంటే కన్ను కిలోమీటరు పైనే ఉండాలి. ఒక అంచు గుడి దగ్గర పెడితే రెండో అంచు శ్రీకాకుళం ఊళ్లోకి పోతుంది. అంత కన్ను పెట్టినా వచ్చేది మామూలు మనిషి చూపే!

నానమ్మ నమ్మలేదు. "మన కేబులోడి మేడ మీద గొడుగు ఉండేది కదా, దానంతా?" అంది. మంచి ప్రశ్నే. కేబుల్ వాళ్ల పాత గొడుగు పట్టేది సుమారు ఏడున్నర సెంటీమీటర్ల తరంగాల్ని. ఇప్పుడు మన ఇళ్ల మీదున్న చిన్న డిష్ పట్టేది రెండున్నర సెంటీమీటర్లవి, పైగా ఉపగ్రహం వాటిని గట్టిగా పంపుతుంది. అందుకే చిన్న డిష్ సరిపోతోంది. జోరు వానకి టీవీ ఆగిపోయేది కూడా ఆ తరంగం అంత పొట్టిది కాబట్టే. జానెడు తరంగం వానని లెక్కచెయ్యదు.

పెద్దగా కట్టడానికి రెండో కారణం, వచ్చే సిగ్నల్ మరీ బలహీనం కావడం. మీ చేతిలో ఉన్న ఫోన్‌ని చంద్రుడి మీద పెట్టి ఆన్ చేస్తే, దాని ఫ్రీక్వెన్సీలో ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన వాటిలో అదొకటి అవుతుంది. నక్షత్ర మండలాల నుంచి మనదాకా చేరేది అంతకంటే తక్కువ. తుంపర్లలో నీళ్లు పట్టాలంటే చెంబు పెడితే చాలదు, గంగాళం కావాలి. చైనాలో కొండల మధ్య గుంటలో 500 మీటర్ల గంగాళమే కట్టారు.

మధ్యాహ్నం కళింగపట్నంలో చుట్టాలింటికి వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, పక్కనే లైట్‌హౌస్, ఇసకలో ఆరేసిన వలలు. వల చూడగానే పుణె దగ్గరి జీఎంఆర్‌టీ గుర్తొచ్చింది. అక్కడ 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. వాటి పళ్లెం రేకుతో చేసింది కాదు, తీగ వల. దాని కన్నులు ఒకటి రెండు సెంటీమీటర్లే. గాలి దూరిపోతుంది కానీ జానెడు అల దూరలేదు. చేపని బట్టే కదా వల కన్ను! బరువు తగ్గింది, ఖర్చూ తగ్గింది.

అంత పెద్ద డిష్ అయినా ఒక్కటే ఉంటే, 21 సెంటీమీటర్ల దగ్గర సూర్యుడంతా దానికి దాదాపు ఒకే చుక్క. అందుకే ముప్పైని 25 కిలోమీటర్ల దూరం దాకా పరిచి, అన్నిటి సిగ్నళ్లనీ కంప్యూటర్లో కలుపుతారు. అప్పుడు స్పష్టతలో అవన్నీ కలిసి 25 కిలోమీటర్ల ఒకే కన్నులా పనిచేస్తాయి. సిగ్నల్ పోగుచెయ్యడానికి మాత్రం ఆ ముప్పై పళ్లేలే దిక్కు.

అలా చిన్నవాటిని కలిపి పెద్దది చెయ్యడం మన రాష్ట్రంలోనూ ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని చదివే రాడార్ తరంగం ఐదున్నర మీటర్ల పైనే. దానికోసం పొలమంత జాగాలో 1024 యాంటెన్నాలు నిలబెట్టారు.

ఇవన్నీ చెబుతుంటే నానమ్మ అలల్నే చూస్తోంది. "అంత పెద్ద కన్ను కట్టినా ఆడికి సూర్యుడి బొమ్మ కంప్యూటర్లోనే కదా. నాకు సామి పాదాల మీద ఎండ సూడాలుంది" అంది.

దానికి నా దగ్గర లెక్క లేదు. ఆ రాత్రికే ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, నా బండి. మర్నాడు ఆఫీసు. కిరణాలకి ఇంకా ఒక్క రోజే మిగిలింది. టికెట్ క్యాన్సిల్ చేసి, సెలవు కావాలని మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను.

"రేపూ మబ్బుంటే?" అంది నానమ్మ.

"మార్చిలో మళ్లీ వస్తా."

ఆవిడేం మాట్లాడలేదు. అలారం నాలుక్కి పెట్టమంది.