క్లచ్ ప్లేటు, చింతపండు పైకము

పెనుకొండ కొండ దిగువన ఎనిమిదెకరముల ఎఱ్ఱనేలలో వేరుసెనగ పండించుకొను మా యింట, 2021వ సంవత్సరము వేసవి ఆరంభమున, హిందూపురము మార్కెట్టు యార్డులో చింతపండు అమ్మగా చేతికందిన 85,000 రూపాయలకు, నా భార్య గాజులను, హారమును కుదువపెట్టి తెచ్చిన రెండు లక్షలు చేర్చి, ఒక పాత ట్రాక్టరును కొంటిని. ఎఱ్ఱమంచి వద్ద 2019లో కార్ల తయారీ మొదలైన పిమ్మట మా యూర మేడి పట్టు పడుచువాండ్రు అరుదైరి. వాన వెలిసిన మఱునాడు అద్దె బండికై పదిమంది ఇండ్ల చుట్టు తిరుగుట ఏటేట నాకు కష్టమగుచుండెను. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ సీమలో విత్తు పదును మూడు నాలుగు దినములకు మించి నిలువదు. ఆ దినములలో బండి దొరకనివానికి విత్తనపుకాయ మూటలోనే మిగులును.

రెండవ నెలలోనే, చెఱువు మట్టిని ట్రాలీతో పొలమునకు తోలించుచుండగా, గట్టు ఎక్కుచోట ఇంజను హోరెత్తుచున్నను చక్రములు కదలక, కాలిన గోనెపట్ట వంటి వాసన కమ్ముకొనెను. మెకానిక్కు ఇంజనునుండి గేర్‌బాక్సును విడదీసి, కాలిన క్లచ్ ప్లేటు తీసి కొత్తది వేసెను, 9,400 రూపాయలు. నాలుగు నెలలకు అదియును జాఱసాగెను. ఈ పర్యాయము మఱియొక మెకానిక్కు, డ్రైవరు పెడలుపై కాలు మోపియుంచుటచేతనే ఇట్లయినదని తేల్చి, పెడలు సవరించి, ప్లేటుతోపాటు ఇంజను వెనుకనున్న ఆయిలు సీలును సైతము మార్చెను, 11,200 రూపాయలు. కాలు మోపియుంచినచో ప్లేటు గట్టిగా పట్టుకొనక ఒరసి ఒరసి కాలుననుట సత్యమే. కాని మా డ్రైవరు అట్టివాడు కాడు. చిన్ననాటినుండి ఎఱిగిన ఆ పిల్లవానిని నేను నలుగురిలో కోపించితిని. అతడు మాఱుపలుకక తాళపుచెవి అరుగుపై పెట్టి వెడలిపోయెను. నా లెక్కపుస్తకములో ఎక్కడను వ్రాయజాలని నష్టమది.

2022 జులైలో, వాన పదునున గొఱ్ఱు కట్టిన నాడే ట్రాక్టరు మరల సాలులో నిలిచిపోయెను. అద్దె బండ్లకు 7,600 రూపాయలు చెల్లించి విత్తు ముగించితిని. ఒక దళారి వచ్చి 2,10,000 ఇత్తుననెను. ఆ సాయంకాలము పుస్తకము తెఱచి కూర్చుంటిని. అమ్మినచో కొన్న వెలలో 75,000 పోవును. కుదువ అసలు తీర్చగా 10,000 మిగులును. వచ్చు పదునునకు మరల అద్దె బండియే. అమ్మక ఊరకుంచినచో, నూటికి నెలకొక రూపాయి చొప్పున 2,000 వడ్డీ, బండి నిలిచినను తాను నిలువదు. ఆ పుటలో ప్లేట్ల వెల యుండెను, సీలు వెల యుండెను, కూలి యుండెను. ప్లేటు ఏల కాలుచున్నదో కనుగొనుటకై వెచ్చించిన రూపాయి ఒక్కటియు లేదు. దళారికి కబురు పంపక, బండిని లారీ కెక్కించి ధర్మవరము చేర్చితిని.

అచట, మగ్గముల చప్పుడు వినవచ్చు సందులో, ఒక ముదుసలి మెకానిక్కు పనిముట్లు ముట్టక మునుపే నన్ను ప్రశ్నింపసాగెను: జాఱుట చల్లగా నున్నప్పుడా, వేడెక్కిన పిమ్మటనా? ఇంజను ఆయిలు తగ్గుచున్నదా? పిదప బండి క్రిందికి దూఱి, క్లచ్ గూటి అడుగున వ్రేలితో తడిమి, బొటనవ్రేలంత కఱ్ఱబిరడా నొకదానిని పెఱికెను. నల్లని నూనె జొటజొట కాఱెను. వ్రేళ్ల నడుమ నలిపి, వాసన చూచి, "గేరు ఆయిలైతే గంధకం కంపు కొడ్తాది సామీ, ఇది ఇంజనుది," అనెను.

ఆ రంధ్రము లోపల చేరిన నూనె బయటపడుటకై యున్నది. వరిమడి దమ్ము చేయునప్పుడు మాత్రము బురదనీరు చొఱకుండ దానిని మూసి, పని తీరిన వెంటనే తెఱువవలెను. తుంగభద్ర కాలువ క్రింద దమ్ము చేసిన బండి యది; బిరడా తీయకయే మా మెట్టనేలకు వచ్చినది. అమ్మినవాడు మోసగించెనని ఏడాదికి పైగా మనసులో పెంచుకొన్న పగ నాకు అచటనే సడలిపోయెను.

సీలు కొత్తది గదా, నూనె ఎట్లు దిగెనని అడుగగా, అతడు ఇంజను పైనున్న బ్రీదరును విప్పి నా అఱచేతిలో పెట్టెను. నూర్పిడి పొట్టును, ఎఱ్ఱదుమ్మును నూనెలో నాని అంబలివలె గట్టిపడి దాని జల్లెడను మూసివేసినవి. సిలిండర్లనుండి దిగు వాయువునకు వెలికిపోవు దారి లేక, లోపలి ఒత్తిడి పెరిగి, నూనెను సీలు అంచు దాటించుచుండెను. "ప్లేటు కాలింది సరే, ఎందుకు కాలిందో చూడల్ల గదా సామీ," అనెను. ఆ బ్రీదరును డీజిలులో కడిగినందుకు అతడు కాసైనను తీసికొనలేదు. ప్లేటునకును, సీలునకును, ఫ్లైవీలు ముఖము చదును చేయించుటకును, కూలికిని కలిపి 10,900 రూపాయలైనవి. మొదటినుండి అంతయు కూడగా 39,100.

మఱునాడు నేనే డ్రైవరు ఇంటికి పోయి, బిరడాను చూపి, జరిగినది చెప్పి, తాళపుచెవి అతని చేతికిచ్చితిని. గాజులు, హారము 2024 సంక్రాంతికి ఇంటికి వచ్చినవి. ఇప్పుడా రంధ్రములో ఒక కాటరు పిన్ను వ్రేలాడుచుండును. బండి కుదుపునకు అదియును కదలి, మట్టి పేరనీయదు. ప్రతి ఉదయము బండి తీయక మునుపు అతడు వంగి, ఆ పిన్నును తాకి, వ్రేలు వెలుతురున పట్టి చూచి, "పొడిగానే ఉండాదన్నా," అనును.